నాయనమ్మ సైకిలెక్కిన ఎండాకాలం

మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు గారు సైకిలు తొక్కమన్నారు. ఆ మాట విని నేను లోలోపల సంబరపడ్డాను. ఈ వయసులో మళ్ళీ సైకిలు యోగం పట్టిందనుకున్నాను. మా అమ్మాయి ఆ సాయంత్రమే ఆర్డరు పెట్టేసింది. తీరా అట్టపెట్టె విప్పి చూస్తే దానికి చక్రాలు లేవు. పడకగదిలో ఓ మూల బిగించి, "అమ్మా, రోజూ అరగంట" అని చెప్పి తన పనికి తాను వెళ్ళిపోయింది. ఎక్కి తొక్కుతుంటే ఎదురుగా గోడ. ఎంతసేపు తొక్కినా అదే గోడ, అదే క్యాలెండరు. హ్యాండిలు దగ్గర చిన్న పలకలో మాత్రం నేను చాలా దూరం వచ్చేశానని అంకెలు పడుతున్నాయి. అంత దూరం వచ్చి ఏం చూశావమ్మా అని ఎవరన్నా అడిగితే చెప్పడానికి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్ళు మండింది. దిగి, మొహం తుడుచుకుని, కాఫీ కలుపుకుని కూర్చున్నాను. సైకిలంటే ఇదా అనుకుంటుంటే మా నాయనమ్మా, గుంటూరూ, ఆ ఎండాకాలం వరసగా గుర్తుకొచ్చాయి.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది అది. మా నాన్న మిషను బడిలో పంతులు. బ్రాడీపేట దాటాక చర్చి వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నన్ను చేర్చాలనుకున్న ఆడపిల్లల కాలేజీ ఊరికి ఆ కొసన ఉంది. సిటీ బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. రోజూ రిక్షా అంటే పంతులు గారికి అయ్యే పని కాదు. అందుకని బదిలీ మీద వెళ్ళిపోతున్న ఓ నర్సమ్మ గారి దగ్గర నాన్న పాత లేడీస్ సైకిలు కొన్నాడు. ఆకుపచ్చ రంగు. ముందు బుట్ట. లంగా, ఓణీ చిక్కుకోకుండా వెనక చక్రానికి అటూ ఇటూ అల్లిన దారాల వల. చర్చి ఆవరణలో సాయంత్రాలు నాన్న సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేవాడు. ఒకరోజు వెనక్కి తిరిగి చూస్తే ఆయన వేపచెట్టు కింద నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు. భయంతో నేను వెళ్ళి పాస్టరు గారి అమ్మగారు ఆరబెట్టిన వడియాల మీద పడ్డాను. ఆ తర్వాత మళ్ళీ పడలేదు.

సైకిలెక్కాక నా ఊరే మారిపోయింది. అప్పటిదాకా గుంటూరంటే నాకు మా సందు, బడి, చర్చి, ఎప్పుడన్నా పట్నంబజారు. ఆడపిల్లవి, తల దించుకుని నడవమనేవాళ్ళు కాబట్టి నడిచినప్పుడు రోడ్డు తప్ప ఏమీ కనపడేది కాదు. రిక్షాలో టాపు అడ్డం. బస్సులో ఎవరిదో మోచెయ్యి అడ్డం. సైకిలు మీద కూర్చుంటే మాత్రం తల ప్రహరీ గోడలకి పైన ఉంటుంది. ఆ కాలంలో గోడలు అంత ఎత్తుగా కట్టేవాళ్ళు కాదు. ఇంటి తర్వాత ఇల్లు, గోడ మీదుగా అందరి దొడ్లూ నావే. ఓ ఇంట్లో జామచెట్టుకి కాయలకి గుడ్డలు చుట్టి ఉండేవి. ఓ ఇంట్లో బనీను వేసుకున్న పెద్దాయన అద్దం కొమ్మకి తగిలించుకుని గడ్డం గీసుకునేవాడు. ఇంకో ఇంట్లో గిన్నెలు తోమే మనిషి గట్టిగా పాడుకునేది, సైకిలు గంట వినపడగానే పాట ఆపి, నేను దాటగానే మళ్ళీ అందుకునేది.

బ్రాడీపేట వీధులకు పేర్లు తక్కువ, అంకెలే. నిలువుగా లైన్లు, వాటిని కోసుకుంటూ అడ్డరోడ్లు, గళ్ళ లుంగీ పరిచినట్టు ఉంటుంది. తప్పిపోదామన్నా తప్పిపోలేం. ఏ మలుపు తిరిగినా తెలిసిన చోటికే తేలతాం. అందుకే నాకు భయం ఉండేది కాదు. అమ్మ సందు చివర కొట్లో కరివేపాకు తెమ్మంటే నేను అడ్డరోడ్లన్నీ చుట్టి, అరండల్‌పేట దాకా పోయి, కాఫీ గింజలు వేయించే కొట్టు ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి ఆ వాసన పీల్చుకుని వచ్చేదాన్ని. "కరివేపాకు కోసం కొండకెళ్ళావా?" అనేది అమ్మ.

గుంటూరు చదునైన ఊరని అందరూ అంటారు. నడిచేవాళ్ళకి, కార్లలో తిరిగేవాళ్ళకి అది చదునే. ఎక్కడ రోడ్డు నెమ్మదిగా లేస్తుందో, ఎక్కడ తొక్కడం ఆపినా బండి దానంతట అదే పోతుందో సైకిలు వాళ్ళ కాళ్ళకే తెలుసు. ఎక్కడికొచ్చామో కళ్ళు మూసుకున్నా చెప్పొచ్చు. పొగాకు గోడౌన్ల దగ్గర ఘాటు తియ్యగా ఉంటుంది. పత్తిగింజల నూనె మిల్లు దగ్గర గాలి బరువుగా, వెచ్చగా తగులుతుంది. మిర్చి యార్డు వైపు తిరిగితే ఇక చెప్పక్కర్లేదు, ముందు పోయేవాడు తుమ్ముతాడు, వాడి వెనక మనం తుమ్ముతాం, మన వెనక వాళ్ళు అందుకుంటారు. తుమ్మితే కళ్ళు మూతపడతాయి కాబట్టి అక్కడ అందరూ ముందే బండి నెమ్మది చేసేవాళ్ళు. మధ్యాహ్నం మాడుతున్న ఎండలో పత్తి బోరాలు కొండంత ఎత్తున వేసుకుని లారీ ఏదన్నా మెల్లగా పోతుంటే, దాని నీడ పడే పక్కన సైకిళ్ళన్నీ వరస కట్టేవి. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. లారీ మలుపు తిరిగి నీడ పక్క మారితే అందరూ పక్క మారేవాళ్ళు. ఆ నీడలో నేను ఎన్నిసార్లు వెళ్ళకూడని దారిన వెళ్ళానో.

ఈ సుఖమంతా ఇలా సాగుతుండగా నాయనమ్మ వచ్చింది.

నాయనమ్మది ప్రత్తిపాడు రోడ్డు మీద నుంచి లోపలికి వెళ్ళే ఓ పల్లెటూరు. ఆ ఊళ్ళో పెద్దబజారులో రైతుల ఇళ్ళు. మా వాళ్ళ ఇళ్ళు ఊరి బయట. తాత చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థనలు చెప్పే పంతులు. నేను పుట్టకముందే పోయాడు. ఆ తర్వాత నాయనమ్మ మిరపతోటల్లో కూలికి పోయి, కాయలు కోసి, నాన్నని టీచరు ట్రైనింగు దాకా చదివించింది. అందుకని నాన్న ఆమె మాటకి ఎదురు చెప్పడు. ఆ ఏడు ఆమె కాల్లో ముల్లు దిగింది. చక్కెర జబ్బు వల్ల పుండు మానలేదు. పట్టణంలో మిషనాసుపత్రిలో రోజు విడిచి రోజు కట్టు కట్టించుకోవాలన్నారు. నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు.

రిక్షా దిగుతూనే సైకిలు చూసింది.

"ఎవురిదిరా ఈ బండి?"

"పిల్లదేనమ్మా. కాలేజీకి వెళ్ళాలిగా" అన్నాడు నాన్న.

నాయనమ్మ నన్నూ, సైకిల్నీ మార్చి మార్చి చూసింది. లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి అప్పుడు చెప్పింది. "ఆడపిల్లకి సైకిలేందిరా అబ్బాయ్. దూరమైతే మానేస్తది. చర్చి కాడ కుట్టుపని నేర్పుతన్నారంటగా, అందులో చేర్పించు. కాలేజీలు తెరిచేలోపల ఆ బండి ఈ గుమ్మంలో ఉండటానికి లేదు."

"చూద్దాంలే అమ్మా" అన్నాడు నాన్న.

ఆ మాటకి నా ప్రాణం పోయింది. నాన్న 'చూద్దాం' అన్నాడంటే ఆమె చెప్పినట్టే జరుగుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. సైకిలు పోతే కాలేజీ పోయినట్టే. ఆ రాత్రి అన్నంలో కొత్తపట్నం నుంచి వచ్చిన ఎండుచేపల ఇగురు వేసినా నాకు ముద్ద దిగలేదు. నాయనమ్మ మాత్రం కంచం నాకినంత పని చేసి, "పిల్ల ఎందుకే తినట్లా?" అని అమ్మనడిగింది.

కట్టుకి తీసుకెళ్ళే రిక్షా అతను ఓ పొద్దున రాలేదు. చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళాడని తెలిసింది. నాన్న పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కుతోంది. కట్టు మార్చకపోతే పుండు చీము పడుతుందని భయం. "అత్తయ్యా, ఈ ఒక్కసారికి పిల్ల వెనకాల కూర్చోండి" అంది అమ్మ. నాయనమ్మ గుమ్మం దాకా వెళ్ళి రిక్షా ఏదన్నా వస్తుందేమో చూసింది. చివరికి తెల్లచీర కొంగు నడుముకి బిగించి, ఆసుపత్రి చీటీ రవికలో పెట్టుకుని, మంచం పక్కన సైకిలు నిలబెట్టించి, మంచం మీద నుంచి వెనక సీటు మీదకి జరిగింది. రెండు కాళ్ళూ ఎడమ పక్కకే. నా జాకెట్టు వీపు దగ్గర గుప్పిట పట్టుకుంది. బండి కదిలిన దగ్గర్నించీ ప్రార్థన మొదలుపెట్టింది. గొయ్యి వచ్చినప్పుడు దేవుణ్ణి గట్టిగా పిలిచేది, రోడ్డు బాగుంటే మెల్లగా.

పెద్ద పెద్ద ఇళ్ళున్న వీధిలోకి రాగానే ప్రార్థన ఆగిపోయింది. వరండాల్లో పెద్దవాళ్ళు పడక కుర్చీల్లో కూర్చుని పేపర్లు చదువుకుంటున్నారు.

"ఆపవే" అంది.

ఏమైందో అని ఆపాను. తను దిగింది. "నువ్వూ దిగు. నడిపించుకుంటా పద. తలెత్తమాక" అంది. కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ ఆ వీధి పొడుగునా నా వెనకాలే నడిచింది. వీధి దాటాక అరుగు చూసుకుని మళ్ళీ ఎక్కింది. వచ్చేటప్పుడూ అంతే. సీటు గుచ్చుకుంటుందేమో అనుకుని నేను తర్వాతిసారి పాత దుప్పటి మడతపెట్టి కట్టాను. అయినా సరిగ్గా అక్కడికి రాగానే, "ఆపవే."

కట్టు గది ముందు బల్ల మీద మా వంతు కోసం కూర్చున్నప్పుడు అడిగేశాను, ఆ వీధిలో ఎందుకు దిగుతావని.

"మీ తాతకి మిషనోళ్ళు సైకిలిచ్చారు" అంది నాయనమ్మ, ఎదురుగోడ చూస్తూ. "ఊళ్ళన్నీ తిరగాలిగా మరి. పెద్దబజారు మొదట్లో దిగి, చెప్పులు హ్యాండిలుకి తగిలించుకుని, నడిపించుకుంటా పోయి, ఆ చివర ఎక్కేవోడు. ఆసాముల ముందు మనం ఎక్కి పోగూడదు. ఒకసారి ఎవురో చావుబతుకుల్లో ఉన్నారని కబురొచ్చింది. ఆ తొందర్లో దిగలా. ఎక్కే పోయాడు."

"తర్వాత?"

"ఏముంది. సైకిలు భుజాన మోసుకుంటా ఇంటికొచ్చాడు. చక్రాలు తిరగలా." కాలి కట్టు సర్దుకుంటూ అంది. "ఆయన మగోడు. నువ్వు ఆడపిల్లవి."

"ఇది గుంటూరు నాయనమ్మా. ఇక్కడ దిగమని ఎవరూ అడగరు" అన్నాను.

"అడగనియ్యగూడదే. అడిగారంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు" అంది.

రిక్షా అతను పెళ్ళి నుంచి తిరిగొచ్చాడు గానీ నాయనమ్మ అతన్ని పంపించేసింది. "టాపు కింద గాలాడట్లేదయ్యా" అని సాకు చెప్పింది. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికే నాయనమ్మకి రుచి తగిలిందన్నమాట.

ఆమె చూసే గుంటూరు వేరు, నేను చూసే గుంటూరు వేరు. నాకు ముందు ఏముందో కనపడేది. ఆమె పక్కకి తిరిగి కూర్చుంటుంది కాబట్టి పోయేటప్పుడు వీధిలో ఒక వరస ఇళ్ళే కనపడేవి, రెండో వరస వచ్చేటప్పుడు. ఇంటికొచ్చాక ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. నేను ఆ మలుపులో కళ్ళద్దాల కొట్టు ఉందంటే, కాదు, సోడా బండి ఉందనేది. రెండూ ఉన్నాయి, ఎదురెదురుగా. నేను గోతులూ గేదెలూ చూసుకుంటూ తొక్కుతుంటే ఆమె తీరుబడిగా మనుషుల మొహాలు చూసేది. కొట్టు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న పిల్లాడు మేం తిరిగొచ్చేసరికి నవ్వుతున్నాడో లేదో ఆమెకే తెలుసు. "ఊరు బాగుందే. జనం ఒకళ్ళ జోలికి ఒకళ్ళు పోకుండా ఎవురి పని వాళ్ళు చేసుకుంటా పోతన్నారు" అంది ఓరోజు. ఆ మాట ఆమె నోట అంత మెచ్చుకోలుగా ఎందుకొచ్చిందో నాకు తర్వాత తర్వాత అర్థమైంది.

రైలు వంతెన ఎక్కేటప్పుడు నేను దిగి నెట్టేదాన్ని, ఆమె మాత్రం సీటు మీదే ఉండేది. నా తిప్పలు చూసి, పక్కనుంచి పోయే సైకిలు మనిషి ఎవరో ఒకరు ఒక చేత్తో తన హ్యాండిలు పట్టుకుని, రెండో చెయ్యి మా సీటు మీద వేసి పైదాకా తోసేవాడు. పేరు అడగడు, మాట కలపడు. పైకి చేరగానే చెయ్యి తీసేసి తన దారిన దిగిపోయేవాడు. నాయనమ్మ వెనక నుంచి, "చల్లగా ఉండు నాయనా" అని అరిచేది. వంతెన మీద నుంచి చూస్తే కింద రైలు పట్టాలు, మిల్లు గొట్టాలు, ఎర్రపెంకుల కప్పులు, దూరంగా చర్చి శిఖరం. అక్కడ గాలి ఎప్పుడూ ఉంటుంది. దిగేటప్పుడు నేను బ్రేకు పట్టుకునే దిగాలి. అది ఆమె ఆజ్ఞ.

వంతెన ఎక్కే ఓపిక లేని రోజు రైలు గేటు దారిన వెళ్ళేవాళ్ళం. గేటు పడితే సైకిళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఆగేవి. అక్కడే నాయనమ్మకి ఓ స్నేహం కుదిరింది. మంగళగిరి చీర కట్టుకుని, మొగుడి సైకిలు వెనక కూర్చుని ఆసుపత్రికి వచ్చే రైతు ఇల్లాలు. తొక్కేవాళ్ళు ముందుకి చూస్తుంటే వెనకున్న వాళ్ళిద్దరూ మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళు. పండుమిరపకాయ పచ్చడి ఆమె ఎలా పడుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఉప్పూ చింతపండూ వేసి తొక్కేదాకా వచ్చేసరికి రైలు వెళ్ళిపోయి గేటు లేచింది. మెంతులు ఎప్పుడు వెయ్యాలో తెలుసుకోవడానికి ఇంకో గేటు పడేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ వారమంతా వంతెన వద్దు, గేటు దారినే పొమ్మని నాయనమ్మ పోరు. ఆ పచ్చడి మా ఇంట్లో పట్టారు. వేడన్నంలో కలిపి నెయ్యి వేసుకుంటే చెవుల్లోంచి పొగలొచ్చేవి, అయినా ఆపబుద్ధి అయ్యేది కాదు.

ఇంత జరిగినా ఆమె మాట మాత్రం మారలేదు. పెద్ద ఇళ్ళ వీధి రాగానే దిగాల్సిందే. ఓసారి నేను మెల్లగా కాలేజీ ప్రస్తావన తెస్తే, "ఇది ఆసుపత్రి పని. నేను వెనకాలుంటా కాబట్టి సరిపోయింది. కాలేజీకి ఒక్కదానివి పోతే, దిగాల్సిన చోట దిగమని ఎవురు చెప్తారే?" అంది. కాలేజీలు తెరిచే రోజు దగ్గరపడింది. మా చర్చికి వచ్చే ఒకాయన తన కోడలి కోసం సైకిలు చూసుకోవడానికి ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానన్నాడు. నాన్న ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. ఆ వారమంతా సైకిల్ని తుడిచిందే తుడిచాను.

శనివారం కట్టుకి బయల్దేరినప్పుడు నాయనమ్మ తనే అడిగింది. "అమ్మాయ్, మిరపకాయలు అమ్మే చోటు దూరమా? పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి కాయ కోస్తన్నా. బస్తాలు బండికెత్తటం చూట్టమే గానీ, ఆ బండి యాడికి పోద్దో ఎప్పుడూ చూళ్ళా."

చుట్టు అయినా సరే అని అటు తిప్పాను. యార్డు రోడ్డంతా ఎర్రగా ఉంది. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, బస్తాల మీద బస్తాలు. పక్కన నేల మీద ఎర్రటి రాశులు పోసి, తలగుడ్డలు ముక్కుకి చుట్టుకున్న ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. నేను తుమ్మీ తుమ్మీ ముక్కు చీదుకుంటుంటే నాయనమ్మకి ఏమీ కాలేదు. "అమ్మో, ఎన్ని కాయలే. ఇయ్యన్నీ ఎవురో ఒకరు వంగి కోసినయ్యే గదా" అంది. గొంతులో సంతోషం. నేను మెల్లగా తొక్కుతున్నాను.

ఉన్నట్టుండి బండి తేలికైంది. వెనక దబ్బున చప్పుడు. తిరిగి చూస్తే నాయనమ్మ రోడ్డు మీద పడి ఉంది. పడి కూడా లేవడానికి తొందరపడుతోంది, కొంగు భుజం నిండా కప్పుకుంటోంది, కళ్ళు కిందకి దించుకుంది. నేను సైకిలు వదిలేసి పరిగెత్తాను. కట్టు ఊడి, పుండులోంచి రక్తం కారుతోంది.

"మా ఊరి పెద్దాసామే" అంది రహస్యంగా.

ఆమె చూపు పోయిన వైపు చూశాను. టీ బడ్డీ పక్కన తెల్లపంచె కట్టుకున్న ముసలాయన, చేతిలో గొడుగు. దిగడానికి బండి ఆపమనే తీరిక కూడా లేక, నడుస్తున్న సైకిలు మీద నుంచి దూకేసిందన్నమాట. ఆయన మా వైపు చూడలేదు. తన బస్తాలు ఏ కొట్టు ముందు దించారో తెలియక అటూ ఇటూ వెతుక్కుంటున్నాడు. వీపు మీద బస్తా మోసుకొస్తున్న ముఠా కూలీ ఒకతను, "పెద్దాయనా, అడ్డం జరుగు" అని కేకేశాడు. ముసలాయన కంగారుగా పక్కకి తప్పుకున్నాడు. తప్పుకునేటప్పుడు గొడుగు కింద పడింది. తనే వంగి తీసుకున్నాడు. మాకు అంత దగ్గరలో నుంచే నడుచుకుంటూ జనంలో కలిసిపోయాడు.

తొడిమలు తీసేవాళ్ళలో ఒకామె నీళ్ళు తెచ్చి కాలు కడిగింది. నాయనమ్మ తడి నేల మీద అలాగే కూర్చుంది.

"చూళ్ళేదే" అంది. "నేను దిగింది ఆయన చూడనన్నా చూళ్ళేదే."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా భుజం పట్టుకుని లేచి సీటు మీద కూర్చుంది. ఆసుపత్రిలో నర్సమ్మ కట్టు కడుతూ చెడామడా తిట్టింది. తిరిగి వస్తుంటే పెద్ద ఇళ్ళ వీధి వచ్చింది. నేను అలవాటు కొద్దీ బ్రేకు వేశాను.

"ఎందుకాపుతన్నావు? పోనియ్యి" అంది.

వరండాల్లో పేపర్లు చదివేవాళ్ళు తలెత్తలేదు. మేం ఆ వీధి మొత్తం ఎక్కే దాటాం. వంతెన పైకి చేరాక, "బ్రేకు వదులు" అంది. వదిలేశాను. గాలికి నా జడ వెళ్ళి ఆమె మొహాన కొట్టుకుంటోంది. వీపు మీద ఆమె గుప్పిట బిగిసి ఉంది.

ఆ సాయంత్రం నాన్న ఇంటికి రాగానే ఆమె పిలిచి కూర్చోబెట్టింది.

"రేపొచ్చే ఆయనకి బండి లేదని చెప్పు."

నాన్న అర్థం కానట్టు చూశాడు.

"మీ నాన్న సైకిలు చక్రాలు వంగితే బాగు చేయించుకుంటానన్నాడురా. నేనొద్దన్నా. కాళ్ళట్టుకుని ఏడ్చి అటక మీద పెట్టించా. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఎండనకా వాననకా నడిచే తిరిగాడు, పాపం." నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. సర్దుకుని అంది. "ఆయన్ని దించింది ఆళ్ళు. మళ్ళీ ఎక్కనియ్యంది నేను. దీన్ని కూడా నేనే దించితే రేపు పైకి పోయాక ఆయనకి ఏం మొహం చూపిచ్చుకోను?"

నాన్న లేచి బయటికి వెళ్ళాడు. చాలాసేపు చీకట్లో సైకిలు పక్కన నిలబడ్డాడు. అమ్మ నన్ను అటు వెళ్ళనివ్వలేదు.

నేను కాలేజీలో చేరాను. నాయనమ్మ పుండు మాని ఊరికి వెళ్ళేటప్పుడు ఒక్కటే షరతు పెట్టింది. క్రిస్మస్ సెలవులకి బస్సులో రాకూడదు, ఆ సైకిలు మీదే రావాలి. నాన్న తన సైకిలు మీద, నేను నా సైకిలు మీద తెల్లవారుతూనే బయల్దేరాం. ఏటుకూరు దాటాక రెండు పక్కలా పత్తిచేలు తెల్లగా పగిలి ఉన్నాయి. పత్తి తీతకొచ్చిన ఆడవాళ్ళు నడుము పట్టుకుని నిలబడి నన్ను చూసేవాళ్ళు. మిరపతోటలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నాన్న దారంతా చిన్నప్పటి సంగతులు చెప్తూ నవ్వుతూ తొక్కాడు. ఊరు దగ్గరపడ్డాక మాటలు తగ్గాయి.

పెద్దబజారు మొదట్లో నాయనమ్మ కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఉతికిన తెల్లచీర, తలకి నూనె. మమ్మల్ని చూడగానే నాన్న వైపు చూసింది. నాన్న అప్పటికే దిగేశాడు. దిగిన సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. మొదట్నించీ అలవాటైన కాళ్ళు వాటంతట అవే నేలకి ఆనాయి.

"నువ్వు నడిస్తే నడువురా అబ్బాయ్" అంది నాయనమ్మ, కోపం లేకుండా. "నేను మాత్రం పిల్ల వెనక వస్తా." కర్ర నా బుట్టలో పెట్టి, సీటు మీద సర్దుకుని కూర్చుంది.

నాన్న హ్యాండిలు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత పెడలు మీద కాలు వేశాడు.

ఆ వీధి పొడుగైనది కాదు. రెండు పక్కలా ఎత్తైన అరుగులు, అరుగుల మీద మనుషులు. మేం వస్తుంటే మాటలు ఆగిపోతున్నాయి, దాటాక కూడా మొదలుకావట్లేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు గానీ, అంటారని నా ఒళ్ళంతా ఎదురుచూస్తోంది. ఎలాగైనా ఆ చివరకి చేరిపోతే చాలని వంగి గట్టిగా తొక్కడం మొదలుపెట్టాను. వెనక నుంచి నాయనమ్మ నా వీపు మీద తట్టింది.

"నెమ్మదిగా తొక్కవే. ఇన్నేళ్ళుగా ఉన్నా, ఈ బజారు ఎట్టా ఉంటదో తలెత్తి ఒక్కసారన్నా చూళ్ళా" అంది.

నెమ్మది చేశాను. పక్కన నాన్న కూడా నెమ్మది చేశాడు. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు చూశాను, ఎన్నో వీధులు తిరిగాను. ఏ వీధినీ మళ్ళీ అంత నెమ్మదిగా దాటలేదు.